చలి ముదరకముందే: జోన్ వాల్వ్ వైరింగ్ జాగ్రత్తలు

న్యూజెర్సీలో బాయిలర్ ఉన్న పాత ఇల్లు కొన్నవాళ్లూ, ఒక అంతస్తు వెచ్చబడట్లేదని జోన్ వాల్వ్ (ఒక్కో భాగానికి వేడినీళ్లు వదిలే మోటారు వాల్వ్) వైర్లు విప్పేముందు ఇవి చూడండి.

– వాల్వ్‌కి వచ్చేది 24 వోల్టులే కదా అనుకోవద్దు. ఆ వైర్లు కలిసే పెట్టెలోనే 120 వోల్టులూ ఉండొచ్చు, 24 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వేరే బ్రేకర్ మీద ఉండొచ్చు. మీటర్‌తో చూశాకే ముట్టుకోండి.

– బాయిలర్‌ని వెలగమని చెప్పే టీటీ (TT) టెర్మినళ్లకు జోన్ వాల్వ్‌ల ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఇవ్వకండి, చాలా బాయిలర్లలో వాటికి సొంత 24 వోల్టులు ఉంటాయి కాబట్టి రెండూ కలిస్తే కంట్రోల్ కాలిపోవచ్చు. మామూలు హనీవెల్ వాల్వ్‌లో పసుపు వైర్లు మోటారువి, టీటీకి వెళ్లాల్సింది ఎండ్ స్విచ్ (వాల్వ్ తెరుచుకున్నాక బాయిలర్‌కి చెప్పే స్విచ్) ఎరుపు జత.

– ఒక్క వైరు ఊడదీసినా ముందు ఫొటో. పాత ఇళ్లలో రంగుల్ని నమ్మలేం.

– కొత్త థర్మోస్టాట్ కొనేముందు పాతదాని దగ్గర ఆర్ (R, కరెంటు తెచ్చేది), డబ్ల్యూ (W, వేడి అడిగేది) వైర్లు కలపండి. వాల్వ్ తెరుచుకుంటే లోపం థర్మోస్టాట్‌లోనే.