ఇంటి ఇన్వర్టర్‌లో డూప్లికేట్ పార్టులు: సోల్డరింగ్‌కు ముందే పట్టుకోండిలా

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఐఆర్‌ఎఫ్ 3205 మాస్‌ఫెట్ (ఇన్వర్టర్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు లాంటి పార్టు) అడిగితే షాపుకో రేటు చెబుతారు. అన్నిటి మీదా అదే నంబరు, అదే లోగో. గట్టిగా అడిగితే "ఒరిజినలే అన్నా" అంటారు. చాలాసార్లు ఆ సంగతి వాళ్లకూ తెలియదు. అందుకని అచ్చు వేసిన అక్షరాలను పక్కనపెట్టి మీటరుతో చూసుకోవడమే దారి. దీనికి ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. 12 వోల్టుల బ్యాటరీ, డిజిటల్ మల్టీమీటర్, బండి ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 3 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే చాలు.

అచ్చు మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా మాస్‌ఫెట్ పట్టుకుంటే ఎడమది గేట్, మధ్యది డ్రెయిన్, కుడిది సోర్స్. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్, బల్బు మీదుగా డ్రెయిన్‌కి వైరు ఇవ్వండి. సోర్స్‌ను మైనస్‌కి కలపండి. గేట్‌ను రెసిస్టర్ ద్వారా ప్లస్‌కి ఇస్తే బల్బు నిండుగా వెలగాలి. గేట్‌ను సోర్స్‌కి కలిపితే పూర్తిగా ఆరిపోవాలి; ఏమాత్రం మిణుకుమిణుకుమన్నా ఆ పీసు పక్కన పడేయండి.

అసలు పరీక్ష బల్బు వెలుగుతున్నప్పుడే. మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, డ్రెయిన్, సోర్స్ కాళ్ల మొదట్లో, ప్లాస్టిక్‌కి ఆనుకుని కొలవండి. కాలి చివర కొలిస్తే కాలి రెసిస్టెన్స్ కూడా కలిసి లెక్క తప్పుతుంది. ఈ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఐఆర్‌ఎఫ్ 3205 డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) ఆన్ రెసిస్టెన్స్, అంటే ఆన్‌లో ఉన్నప్పటి రెసిస్టెన్స్, గరిష్ఠంగా 8 మిల్లీఓమ్‌లు. దాన్ని 1.75తో గుణిస్తే 14; అంటే మీటరులో 14 మిల్లీవోల్టులు దాటకూడదు. 25-30 చూపిస్తే అది బహుశా చవకరకం మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్ జెడ్44 చిప్పుకి కొత్త పేరు రాసింది. 50 దాటితే ఇక చెప్పేదేముంది!

ఈ తేడాను చిన్నచూపు చూడొద్దు. ఒక మాస్‌ఫెట్ 20 ఆంపియర్లు మోసేటప్పుడు 8 మిల్లీఓమ్‌లైతే 3.2 వాట్ల వేడి, జెడ్44లా 17.5 అయితే 7 వాట్లు. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. మంచివీ నకిలీవీ పారలల్‌లో కలిపితే కరెంటు తక్కువ రెసిస్టెన్స్ ఉన్నదానివైపే ఎక్కువ పోతుంది కాబట్టి, బరువంతా మంచిదాని నెత్తినే పడుతుంది. ఒక్కటి షార్టయితే బ్యాటరీ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కి తగులుకుంటుంది. పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ అప్పుడు వందల ఆంపియర్లు వదులుతుంది. మాస్‌ఫెట్ 55 వోల్టుల దాకా తట్టుకుంటుందన్న రేటింగ్ మాత్రం ఈ పరీక్షలో తేలదు. అందుకే తక్కువ మిల్లీవోల్టులు చూపినంత మాత్రాన పూర్తి భరోసా ఇచ్చినట్టు కాదు.

షార్టయినప్పుడు కాపాడాల్సింది ఫ్యూజే. దాంట్లోనూ నకిలీలున్నాయి. ఏ విలువ రాసినా లోపల ఒకే మందం రేకు పెట్టేస్తారు. మీరు కొనే బ్రాండులోనే ఒక 5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్‌ను బలివ్వండి. 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బు రెండు ఫిలమెంట్లనూ కలిపి దాని గుండా వెలిగిస్తే సుమారు 9.5 ఆంపియర్లు పారతాయి. కొన్ని సెకన్లలోనే ఫ్యూజ్ కొట్టేయాలి. నిమిషం గడిచినా నిలిచి ఉంటే ఆ బ్రాండ్ జోలికి పోవద్దు. బల్బు గాజును ముట్టుకోకండి, ఒళ్లు కాలుతుంది.

బ్యాటరీ కేబుల్‌ది ఇంకో మోసం: రాగి పూత పూసిన అల్యూమినియం. పోగును బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఇంకా సులువు తూకం. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 10 సెంటీమీటర్ల ముక్క కోసి, తొడుగు ఒలిచి, నగలు తూచే చిన్న కాటాలో పెట్టండి. నిఖార్సయిన రాగి అయితే 13-14 గ్రాములు తూగుతుంది. 5-6 వస్తే అల్యూమినియం. 10 దగ్గర ఆగితే రాగే, కానీ సైజులో కోత పెట్టారు. ట్రూప్ బజార్‌లో కొనే ఇంటి వైరింగ్ వైరుకైతే ఐఎస్‌ఐ గుర్తు దగ్గరున్న సీఎమ్/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది.

230 వోల్టుల వైపు ఫిల్టర్‌కి ఎక్స్2 రకం (నేరుగా మెయిన్స్ కరెంటు మీద వాడేందుకు చేసిన) కెపాసిటరే వాడాలి. మామూలుది లోపల షార్టయితే మంటలు లేవొచ్చు.

బోర్డు పూర్తయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు లోడు ఏమీ పెట్టకుండా, అదే హెడ్‌లైట్ బల్బును బ్యాటరీ ప్లస్‌కి సిరీస్‌లో పెట్టండి. నిండుగా వెలిగి అలాగే ఉందంటే ఎక్కడో షార్టున్నట్టు. వెంటనే ఆపి వెతకండి. తర్వాతెప్పుడైనా ఒక మాస్‌ఫెట్ పోతే ఆ ఒక్కటే మార్చి సరిపెట్టుకోవద్దు. ఆ పక్కనున్నవన్నీ ఒకే బ్యాచ్‌వి తెచ్చి, మళ్లీ బల్బు పరీక్ష చేసి, మిల్లీవోల్టులు దగ్గరదగ్గరగా ఉన్నవాటినే కలిపి వేయండి.