గులాబీకి ఏ ఎరువు, ఎప్పుడు?

ఎరువు కొనేముందు మొక్క ఆకులు చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోయి పసుపు రంగుకి తిరుగుతుంటే నత్రజని తక్కువైనట్టు. అదే పైన లేత ఆకులు పసుపు రంగులో ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే ఇనుము అందడం లేదన్నమాట, దానికి ఎంత యూరియా వేసినా లాభం లేదు, ఐరన్ చీలేట్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉన్న ఇనుము) ఆకుల మీద స్ప్రే చేయాలి.

ప్యాకెట్ మీద 19:19:19 అని ఉంటే అవి వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. కొమ్మలు కత్తిరించాక చిగురు కోసం ఇది లీటరు నీటికి 2 గ్రాములు కలిపి 15 రోజులకోసారి పోయండి, మొగ్గలు మొదలయ్యాక పొటాష్ ఎక్కువున్న 13:0:45కి మారండి. మట్టి పొడిగా ఉంటే ముందు మామూలు నీళ్లు పోయాలి, లేకపోతే వేర్లు మాడతాయి. యూరియాలో 46 శాతం నత్రజనే, ఆకులు గుబురుగా వస్తాయి కానీ పూలు తగ్గిపోతాయి, కుండీలకైతే దాని జోలికి పోకండి.

నన్నడిగితే అసలు బలం సేంద్రియ ఎరువులదే. 12 అంగుళాల కుండీకి నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, చిన్న గుప్పెడు వేపపిండి తీసుకుని, కాండానికి తగలకుండా కుండీ అంచు వెంబడి మట్టి గుల్ల చేసి కలపండి. పచ్చి పేడ మాత్రం వద్దు, బాగా మాగినదే వాడాలి.

మల్లె, మందారాలకూ ఇదే పద్ధతి. కరివేపాకుకు మనకు కావలసింది ఆకే కాబట్టి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పలచగా చేసి పోస్తే చాలు.