జ్ఞాపకశక్తి సాధన, 5వ పాఠం: బాగా గుర్తుంది సరే, సరిగ్గా గుర్తుందా?

గత పాఠంలో మనస్తత్వవేత్తలు అట్కిన్సన్, షిఫ్రిన్ 1968లో ఇచ్చిన జ్ఞాపకశక్తి నమూనా చూశాం. కంటికీ చెవికీ తగిలింది క్షణకాలం నిలుస్తుంది, దృష్టి పెడితే స్వల్పకాలిక జ్ఞాపకంలోకి వస్తుంది, వల్లె వేస్తే దీర్ఘకాలిక జ్ఞాపకంలో చేరుతుంది. ఎక్కాలకు ఇది సరిపోతుంది. మరి ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజును ఎవరు వల్లె వేశారు? అయినా గుర్తుంటుంది. ఆ నమూనాలో ఉద్వేగానికి చోటు లేదు.

భయమో ఆనందమో కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు వదులుతాయి. వాటి ప్రభావంతో మెదడులోని అమిగ్డలా చురుకై, అప్పుడే ఏర్పడుతున్న జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. 1994లో పరిశోధకులు కాహిల్, మెక్‌గా బృందం దీన్ని మనుషుల మీద పరీక్షించింది. కొందరికి కారు ప్రమాదంలో ఒక పిల్లాడు తీవ్రంగా గాయపడే కథను స్లైడ్లతో చూపించారు, మరికొందరికి అదే బొమ్మలతో ఏ ప్రమాదమూ లేని కథ చెప్పారు. ముందుగా సగం మందికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. అడ్రినలిన్ పనిని అడ్డుకునే మందు అది, బీపీకీ వాడతారు. వారం తర్వాత అడిగితే, మందు వేసుకున్నవాళ్లకు ప్రమాదం కథ తక్కువగా గుర్తుంది. మామూలు కథ విషయంలో మాత్రం తేడా రాలేదు.

ఇంతవరకు ఉద్వేగం మన పక్షమే. చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడు ఉదయమే అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో మనస్తత్వవేత్తలు నైసర్, హార్ష్ తమ విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా, ఎవరి ద్వారా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మందికి ఒక్క ముఖ్య వివరమూ కలవలేదు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది: మొత్తం 44 మందీ తమ నమ్మకానికి 5కి సగటున 4 పైనే వేసుకున్నారు. పాత కాగితం చూపించినా అసలు సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

నా దృష్టిలో ఈ పాఠమాల మొత్తంలో ముఖ్యమైన ప్రయోగం ఇదే. ఉద్వేగం జ్ఞాపకానికి స్పష్టత ఇస్తుంది, దాన్ని మనం కచ్చితత్వం అనుకుంటాం. అసలు ఘటన సాధారణంగా బాగానే నిలుస్తుంది. చుట్టూ ఉన్నవే జారుతుంటాయి: పక్కన ఎవరున్నారు, ముందు ఎవరు ఏమన్నారు. ఇంట్లో పాత గొడవలన్నీ వీటి గురించే కదా!

ఈ పాఠానికి సాధన: ఈ వారం మిమ్మల్ని బాగా కదిలించిన ఒక సంఘటన తీసుకోండి. 24 గంటల్లోపు ఐదు వివరాలు రాయండి: ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు చెప్పారు, పక్కన ఎవరు, తర్వాత వెంటనే ఏం చేశారు. తేదీ వేసి కవరులో పెట్టి అంటించండి. ఫోన్లో ఫొటో తీసుకోవద్దు, మధ్యలో చూడాలనిపిస్తుంది. మూడు నెలల తర్వాత కవరు విప్పకుండానే మళ్లీ రాయండి. ఒక్కో వివరం పక్కన మీ నమ్మకానికి 5కి ఎంతో వేసుకుని, అప్పుడు రెండూ పోల్చండి. 5 వేసిన చోట తప్పు వచ్చిందా అన్నదే ముందు వెతకండి.

ఆరో పాఠంలో పరీక్ష హాల్లో టెన్షన్ స్వల్పకాలిక జ్ఞాపకాన్ని ఎలా ఆక్రమిస్తుందో చూద్దాం.