చవక మైక్రోవేవ్ సోర్స్ పనిచేయడం లేదా? పారేసే ముందు ఇవి చూడండి

ఇంట్లో మైక్రోవేవ్ ప్రయోగాలు మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు హెచ్‌బీ100. కదలికను పసిగట్టే చిన్న రాడార్ మాడ్యూల్ ఇది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. 5 వోల్టులు ఇస్తే చాలు, 10.525 గిగాహెర్ట్జ్ తరంగాలు వస్తాయి.

మీటర్‌లో ఏమీ కనిపించడం లేదు

నా మొదటి మాడ్యూల్ చచ్చిపోయిందనుకుని రెండు వారాలు సొరుగులో పడేశాను. దానికేం కాలేదు. ఐఎఫ్ పిన్ (కదలిక సిగ్నల్ బయటికొచ్చే కాలు) మీద సిగ్నల్ మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది, మల్టీమీటర్‌కు అది అందదు. ఎల్ఎం358 అనే చిప్‌లోని రెండు ఆంప్లిఫయర్లనూ ఒక్కోటి వంద రెట్లు పెంచేలా వరసగా కలపండి. ఇన్‌పుట్‌లో కెపాసిటర్, సగం సప్లై బయాస్ (సిగ్నల్ పైకీ కిందికీ ఊగేలా సప్లైలో సగం వోల్టేజి) మరిచిపోవద్దు. అవుట్‌పుట్‌ను కంప్యూటర్ స్పీకర్లకు ఇచ్చి, మాడ్యూల్ ముందు చెయ్యి ఊపండి. చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే దాదాపు 70 హెర్ట్జ్ స్వరం వినిపిస్తుంది. నెమ్మదించేకొద్దీ అది కిందికి జారిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఐఎఫ్ పిన్‌ను మాత్రం చేత్తో ముట్టుకోకండి, స్టాటిక్‌కు లోపలి డయోడ్ పోతుంది.

ఎవరూ కదలకపోయినా గుయ్‌మని మోత

తలెత్తి ట్యూబ్‌లైట్ వంక చూడండి. లోపలి వాయువు సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటే, దానికి తగిలి తిరిగొచ్చే తరంగం కూడా అదే లయలో మారుతుంది. మాడ్యూల్‌కు అదీ కదలికే. లైటు ఆర్పండి. అయినా ఆగకపోతే తప్పు సప్లైది. చార్జర్ తీసేసి, 9 వోల్టుల బ్యాటరీకి 7805 రెగ్యులేటర్ పెట్టి ఇవ్వండి.

అసలు తరంగం వస్తోందా అని అనుమానం

9.75/10.6 అని రాసి ఉన్న పాత డిష్ ఎల్ఎన్‌బీ (డిష్ ముందుండే రిసీవర్ ముక్క) తెచ్చుకోండి. అందిన తరంగం ఫ్రీక్వెన్సీలోంచి 9.75 గిగాహెర్ట్జ్ తీసేసి అది కిందికి దించుతుంది. బయాస్ టీ (సిగ్నల్ కేబుల్‌లోనే కరెంటు పంపే చిన్న భాగం) ద్వారా 13 వోల్టులు ఇస్తే, 10.525లోంచి 9.75 పోగా 775 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్‌లో (కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ రేడియో డాంగిల్) గీత కనిపించాలి. కొన్ని మెగాహెర్ట్జ్ అటూ ఇటూ వెతకండి. దొరక్కపోతే మాడ్యూల్‌ను 90 డిగ్రీలు తిప్పి చూడండి. ఆ 13 వోల్టులు డాంగిల్‌లోకి వెళ్తే అది కాలిపోతుంది, జాగ్రత్త.

ఏడీఎఫ్4351 బోర్డు లాక్ అవడం లేదు

ఇది మనం అడిగిన ఫ్రీక్వెన్సీని పుట్టించే చిప్ బోర్డు; ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర స్థిరపడడమే లాక్. బోర్డు మీద 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే ప్రోగ్రామ్‌లో 10 అని ఉందేమో చూడండి. సెట్టింగులు రాసే రిజిస్టర్లు 5 నుంచి 0 వరకు ఆ వరసలోనే పంపాలి. దీని లాజిక్ 3.3 వోల్టులది, 5 వోల్టుల ఆర్డ్యునోను నేరుగా తగిలించకండి.

పాత ఓవెన్ మాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే గొట్టం) వాడొచ్చా?

వద్దు. ప్లగ్ తీసేశాక కూడా ఓవెన్ కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ నిలిచి ఉండొచ్చు.