మామిడి సరుకును తోట నుంచి లారీ దాకా దెబ్బతినకుండా ఎలా చేర్చాలి?

మామిడి కాయకు తగిలిన దెబ్బ ఆ రోజు కనపడదు. పొద్దున కొమ్మ మీద నుంచి జారి నేల మీద పడ్డ కాయ సాయంత్రం లారీ ఎక్కేటప్పుడు కూడా నిగనిగలాడుతూనే ఉంటుంది. నాలుగో రోజో ఐదో రోజో, మగ్గడం మొదలయ్యాక, తొక్క కింద నల్లగా దిగుతుంది. అప్పటికది హైదరాబాద్‌లో ఏ పండ్ల బండి మీదో ఉంటుంది. వ్యాపారి సరుకు బాగాలేదంటాడు, రైతు లారీ వాడిని అంటాడు, డ్రైవర్ రోడ్డును తిడతాడు. చెట్టు కింద ఆ పొద్దున ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

సరుకు రవాణా వాళ్లు ఈ మొదటి అంచెను ‘ఫస్ట్ మైల్’ అంటారు. నూజివీడు వైపు కొన్ని సీజన్లు కోత, లోడింగ్ దగ్గరుండి చూసుకున్నాను. ఏసీ లారీ గురించి ఆలోచించే ముందు ఈ కాస్త దూరాన్ని సరిచేసుకుంటే చాలావరకు పని అయిపోతుందని నా అభిప్రాయం. బంగినపల్లిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రసాలకైతే ఇంకా మెత్తటి చెయ్యి కావాలి.

1. పాట టైమ్ నుంచి వెనక్కి లెక్క కట్టండి

చాలామంది కాయ కోసేశాక లారీకి ఫోన్ చేస్తారు. దీన్ని తిరగేయాలి. మార్కెట్‌లో వేలం పాట ఎన్నింటికో ముందు కనుక్కోండి. పాట పొద్దున అయితే సరుకు తెల్లవారేసరికి అక్కడ దిగాలి. అంటే లారీ రాత్రికి బయల్దేరాలి, సాయంత్రానికి లోడింగ్ అయిపోవాలి, మధ్యాహ్నం రెండు మూడింటికల్లా గ్రేడింగ్ ముగియాలి, పదింటికల్లా కోత ఆగాలి. ఇలా కాగితం మీద రాసుకుంటే ఎంతమంది కూలీలు కావాలో దానంతట అదే తేలుతుంది. ట్రేకు ఇరవై కిలోల చొప్పున నాలుగు టన్నులంటే రెండొందల ట్రేలు. అవి ముందురోజు సాయంత్రానికే కడిగి, ఆరబెట్టి, తోటలో ఉండాలి.

ఒక ఏడాది మేం ఈ లెక్క వేసుకోలేదు. రెండింటికి వస్తానన్న లారీ రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఎండ తగలకూడదని ట్రేల మీద నేరుగా పరదా కప్పాం. అదే పెద్ద తప్పు. సాయంత్రం పరదా తీస్తే లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టింది. కాయలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఐదో రోజు వ్యాపారి ఫోన్ చేసి చెప్పిన మాటలు ఇక్కడ రాయలేను.

2. కాయ తయారైందో లేదో చూసుకోండి

లేత కాయ కోస్తే తర్వాత ఎంత జాగ్రత్త పడ్డా లాభం లేదు. అది మగ్గదు, ముడతలు పడుతుంది. ముచ్చికకు రెండు వైపులా భుజాలు నిండి ముచ్చిక దగ్గర చిన్న గుంట పడిందా, తొక్క మీద చుక్కలు తేలాయా చూడండి. అనుమానముంటే నాలుగైదు చెట్ల నుంచి తలా రెండు కాయలు తెచ్చి బకెట్ నీళ్లలో వేయండి. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ఒకటి కోసి చూస్తే టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ పసుపు తిరిగి ఉండాలి.

రేటు బాగుందని తోటంతా ఒకేసారి దులిపేయకండి. చెట్టుకు పైన, ఎండ పడే వైపు ఉన్న కాయ ముందు తయారవుతుంది. రెండు మూడు దఫాలుగా కోస్తే కూలి ఖర్చు పెరిగే మాట నిజమే, కానీ లోడు అంతా ఒకే తీరుగా ఉంటుంది. వాన పడిన మర్నాడు కోత పెట్టుకోకండి.

3. తొడిమతో కోయండి, సొన కారనివ్వండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

తొడిమ మొదలంటా విరిగిన క్షణంలో చిమ్ముతుంది చూడండి, ఆ సొనే కాయను కాలుస్తుంది. తర్వాత నెమ్మదిగా కారే సొన అంత చెరుపు చేయదు. పొద్దున్నే, కాయ నీరు పట్టి బిగువుగా ఉన్నప్పుడు, సొన ఇంకా జోరుగా వస్తుంది. అలాగని మిట్టమధ్యాహ్నం కోయలేం కదా, ఎండకు కాయ వేడెక్కిపోతుంది. అందుకే పొద్దున్నే కోయాలి, కానీ నాలుగు వేళ్ల పొడవు తొడిమ వదిలి కోయాలి. అప్పుడు చెట్టు దగ్గర సొన చిమ్మదు.

అందే కాయకు కత్తెర, అందని కాయకు అంచుకు బ్లేడు బిగించిన చిక్కం వాడాలి. చిక్కం ఒకసారికి నాలుగైదు కాయలతో నిండగానే దించేయాలి. పది కాయలు పట్టించి దించితే లోపల ఒకదానికొకటి కొట్టుకుంటాయి. కొమ్మ ఊపి రాల్చడం, కింద గోనెపట్టా పట్టుకుని నిలబడటం, ఇవి ఊరగాయ కాయకు సరిపోతాయేమో, మగ్గబెట్టే కాయకు పనికిరావు.

నీడకు తెచ్చాక తొడిమను అర అంగుళం లోపుకు కత్తిరించి, కాయను ముచ్చిక కిందికి వచ్చేలా బోర్లించాలి. దీనికి జాలీ స్టాండ్లు దొరుకుతాయి. మేం మొదట్లో పాత నులక మంచాలు వాడాం. నులక సందుల్లో కాయ చక్కగా కూర్చుంటుంది, సొన కింద నేల మీదికి కారిపోతుంది, పక్క కాయకు అంటదు. అరగంట నుంచి గంట ఉంచితే చాలు. ఆ తర్వాత శుభ్రమైన నీళ్లలో కడిగి ఆరబెట్టండి. నీళ్లలో కొద్దిగా సున్నం కలిపి తేటనీటిలో ముంచే పద్ధతీ ఉంది. కడిగే నీళ్లు మురికిగా మారగానే పారబోయాలి. లేదంటే ఒక కుళ్లు కాయలోని తెగులు తొట్టిలోని కాయలన్నిటికీ అంటుకుంటుంది. తొడిమలు కోసేవాళ్లు కళ్లు నలుపుకోకుండా చూడండి, సొన మంట మామూలుగా ఉండదు.

4. నీడ వేరు, పరదా వేరు

కోసిన కాయ ఎండలో ఉన్న ప్రతి గంటా దాని ఆయుష్షులోంచి పోతుంది. తోటలోనే గుబురు చెట్టు కింద ఒక చోటు ఎంచుకుని, పైన గ్రీన్ నెట్ కట్టండి. నెట్‌కూ ట్రేలకూ మధ్య మనిషి నిలబడేంత ఎత్తుండాలి, నాలుగు వైపులా గాలి ఆడాలి. ట్రేలను నేల మీద కాకుండా కర్రల మీదో ఇటుకల మీదో పెట్టండి.

5. గ్రేడింగ్ తోటలోనే

మచ్చ, పగులు, పండు ఈగ గుచ్చిన గుర్తు ఉన్న కాయ లారీ ఎక్కకూడదు. దాని కిరాయి మీదే, మార్కెట్‌లో తరుగు పేరుతో కోత పడేదీ మీకే. పండు ఈగ విషయంలో మరీ కచ్చితంగా ఉండాలి. మన సరుకులో ఈ పురుగులు కనపడ్డాయనే 2014లో యూరోపియన్ యూనియన్ భారత మామిడిని ఆపేసింది, 2015లో మళ్లీ తలుపు తెరిచింది. ఏరేసిన కాయలను చెట్ల కింద వదలకండి, గొయ్యి తీసి లోతుగా పూడ్చండి. లేదంటే ఆ ఈగలే మీ తర్వాతి కోతకు చుట్టాలై వస్తాయి.

6. ట్రే అంచు దాటి నింపొద్దు

ట్రాక్టర్‌లో వరిగడ్డి పరిచి విడిగా పోస్తే కిరాయి కలిసొచ్చినట్టు ఉంటుంది. అడుగు కాయ మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి. ట్రేలో అడుగున, పక్కల న్యూస్‌పేపర్ వేసి, పై వరుస అంచుకు ఒక వేలు కిందే ఆగాలి. అంచు దాటి ఒక్క కాయ లేచి ఉన్నా పై ట్రే బరువు మొత్తం దాని నెత్తినే. హమాలీలు ట్రేను విసరకుండా అందించుకోవాలి. చెబితే వింటారు, కాకపోతే లెక్క మార్చాలి. ట్రేకింతని కూలి ఇస్తే చెయ్యి పరుగెడుతుంది. మేం రోజు కూలికి మారి, దెబ్బ కాయ తక్కువొస్తే పైన కొంత ఇవ్వడం మొదలుపెట్టాం.

లోడులో కార్బైడ్ పొట్లాలు పెట్టనివ్వకండి. దానితో మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. మగ్గబెట్టడానికి ఇథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం వరకు (పది లక్షల పాళ్ల గాలికి వంద పాళ్లు) వాడటానికి ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది, ఆ పని మగ్గబెట్టే గదిలో జరగాల్సిందే. ఏసీ లారీ దొరికితే 12, 13 డిగ్రీల కంటే కిందికి పోనివ్వకండి. మరీ చల్లబడితే పచ్చికాయ తొక్క నల్లబడి, సరిగా మగ్గదు.

తోతాపురి వేసేవాళ్లకు ఒక మాట. గుజ్జు ఫ్యాక్టరీ నుంచి టోకెన్ ఖాయమయ్యాకే చెట్టెక్కండి. 2025లో చిత్తూరు జిల్లాలో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఎలా ఎదురుచూశాయో తెలిసిందే.

7. ట్రేలో చీటీ వేయండి

ఖర్చు లేని పని. ప్రతి ట్రేలో చిన్న చీటీ: తేదీ, కోసిన గంట, తోటలో ఏ మూల, ఏ జట్టు. లారీ నంబరు, ట్రేల లెక్క, తూకం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మార్కెట్ నుంచి అమ్మకం లెక్క రాసిన పట్టీ వచ్చాక సరిచూసుకోవచ్చు. అసలు పని ఐదో రోజున ఉంటుంది. సరుకు కొన్న వ్యాపారికి మీరే ఫోన్ చేసి, పాడైన కాయ ఏ చీటీ ఉన్న ట్రేల్లో ఎక్కువొచ్చిందో అడగండి. మొదట్లో ఆయన విసుక్కుంటాడు. రెండు మూడు లోడ్ల తర్వాత ఆయనే చీటీలు దాచి ఉంచుతాడు.

మాకు అలా తెలిసిందేమిటంటే, దెబ్బ కాయలో ఎక్కువ భాగం కోత జట్ల వల్ల కాదు. తోట తూర్పు మూల నుంచి వచ్చిన ట్రేల్లోనే ఎక్కువ. వెళ్లి చూస్తే అక్కడ్నుంచి షెడ్డుకు వచ్చే దారిలో కాలువ దాటే చోట పెద్ద గోతులు. ట్రాక్టర్ రోజూ అందులో ఎగిరిపడుతోంది. రెండు ట్రిప్పుల మట్టి తోలించి చదును చేయించాం.