ఆగని ఆలోచనలు – 3వ పాఠం: చింతకు ఒక టైము

కిందటి పాఠంలో ఊపిరిని పొడుగ్గా, నెమ్మదిగా వదలడం సాధన చేశాం. దాంతో గుండెదడ తగ్గుతుంది కానీ, తలలో గిరగిరా తిరిగే ఆలోచన ఒక్కోసారి తిరుగుతూనే ఉంటుంది. ఈ వారం దాని సంగతి చూద్దాం.

‘దాని గురించి ఆలోచించకు’ అని ఇంట్లోవాళ్లు ప్రేమగానే చెప్తారు. అది పనిచేయదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, కొందరు విద్యార్థులను ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దన్నాడు. గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగాయి. పైగా, తర్వాత తలుచుకోవచ్చు అన్నప్పుడు, మొదటినుంచీ తలుచుకోమన్నవాళ్లకంటే వీళ్లకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది. కాబట్టి ఆలోచనను తరమొద్దు, వాయిదా వేద్దాం. థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1983లోనే ఈ పద్ధతిని పరీక్షించారు.

రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట కేటాయించుకోండి. సాయంత్రం ఆరు అనుకుందాం. పడుకునేముందు వద్దు, మంచం మీద అసలే వద్దు. మంచమెక్కగానే చింత మొదలయ్యే అలవాటు పడితే వదిలించుకోవడం కష్టం.

పగలు ‘అమ్మ బ్లడ్ రిపోర్టులో ఏముందో’ అనిపించిందా, కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఒక్కటే! రెండోది మొదలుపెట్టారంటే మళ్లీ ఆలోచనలో పడ్డట్టే. ‘ఆరింటికి చూద్దాం’ అనుకుని చేస్తున్న పనిలోకి వెళ్లండి. పనేమీ లేకపోతే బట్టలు మడతపెట్టండి, కూరగాయలు తరగండి. ఫోన్ మాత్రం తీయకండి. తీస్తే రోగాల పేర్లు వెతుకుతూ కూర్చుంటారు.

కాసేపటికి అదే ఆలోచన మళ్లీ వస్తుంది. రానివ్వండి. ఆ వాక్యం పక్కన చిన్న గీత పెట్టి, మళ్లీ పనిలోకి.

ఆరింటికి కూర్చుని, ఆరున్నరకి అలారం పెట్టుకుని కాగితం తీయండి. కొన్ని వాక్యాలు అప్పటికే చప్పబడి ఉంటాయి, కొట్టేయండి. మిగతావాటికి ఒకటే ప్రశ్న: దీని గురించి రేపు నేను చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంటే ‘పదింటికి ల్యాబ్‌కి ఫోన్’ అని రాసుకోండి. లేదంటే టెన్షన్ పడండి, అరగంటా తనివితీరా పడండి. పడమంటే పడలేకపోవడం ఇందులో తమాషా! అలారం మోగగానే లేచిపోవాలి.

తాళం వేశానా లేదా అని పదేపదే వెళ్లి చూసుకోవడం, చేతులు కడిగిందే కడగడం వంటివి రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే మాత్రం ఈ పాఠం చాలదు. అది ఓసీడీ, అంటే వద్దనుకున్నా చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది, మానసిక వైద్యుణ్ని కలవండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

వారం రోజుల కాగితాలూ దాచిపెట్టండి. ‘ఏం కాదు కదా?’ అని ఇంట్లోవాళ్లను అడిగిన ప్రతిసారీ అందులోనే ఒక సున్నా చుట్టండి. నాలుగో పాఠానికి ఆ సున్నాలు కావాలి.