బటన్ చాకు ఇంట్లో ఉంచుకోవచ్చా, జేబులో వేసుకుని తిరగవచ్చా?

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు కొట్టే మనిషి చేతిలోని కత్తి మూరెడు పొడవున్నా దానిని ఎవరూ ఆయుధమనరు. అదే రోడ్డుపై ఒక కుర్రవాడి జేబులో నాలుగు అంగుళాల బటన్ చాకు కనిపిస్తే మాత్రం పోలీసులు ఆపి ప్రశ్నిస్తారు. ఈ తేడాకు మూలం 1959 నాటి ఆయుధాల చట్టంలోనే ఉంది. ఆ చట్టం రెండవ సెక్షన్ పదునైన అంచుగల మారణ సాధనాలను ఆయుధాలలో చేర్చి, కేవలం ఇంటి పనికో సేద్యానికో తయారైన వస్తువులను మినహాయించింది. అందువల్ల కొడవలికీ, కత్తిపీటకూ, పొదలకూరు నిమ్మతోటల్లో కొమ్మలు కత్తిరించే కత్తెరకూ చిక్కు లేదు. బటన్ నొక్కగానే స్ప్రింగు బలంతో బ్లేడు బయటికి దూకే చాకు విషయంలో మాత్రం, అది ఏ పనికి తయారైందన్న ప్రశ్నకు మీ దగ్గర నికరమైన జవాబు ఉండాలి.

కొనే ముందు బ్లేడు కొలత తెలుసుకోండి. పిడి ముగిసిన చోటు నుండి మొన వరకు స్కేలుతో కొలవాలి. పిడి పొడవు లెక్కలోకి రాదు. 2016 ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూలు, ఐదవ వర్గంలో ఖడ్గాలు, బాకులు, ఈటెలతోపాటు, బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగా గాని 2 అంగుళాల కంటే వెడల్పుగా గాని ఉండే చాకులను పేర్కొని, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం చేసినవాటిని విడిచిపెట్టారు. అంటే 22.86 సెంటీమీటర్లు, 5.08 సెంటీమీటర్లు. బజారులో దొరికే బటన్ చాకులు సాధారణంగా ఈ హద్దుకు చాలా లోపలే ఉంటాయి కనుక చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే.

ఎందుకంటే ఆయుధాల చట్టం నాలుగవ సెక్షన్ కింద, ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్సు ఉండాలని కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఢిల్లీలో 1980 అక్టోబరు 29న వెలువడిన నోటిఫికేషన్ స్ప్రింగు, బటన్ చాకులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అనే మరింత చిన్న కొలతలు పెట్టింది. సివిల్స్ కోచింగ్‌కు ఒంగోలు నుండి ఢిల్లీ రైలెక్కే పిల్లల సంచిలో ఇలాంటి చాకు ఉంటే తల్లిదండ్రులు ముందే తీయించడం మంచిది. మన జిల్లాలో ప్రస్తుతం ఏ ఉత్తర్వులు అమల్లో ఉన్నాయో కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా, 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. ఆ కాగితాన్ని దాచుకోండి.

కొనేటప్పుడు రెండువైపులా పదునున్న చాకును తీసుకోవద్దు. అది చూడగానే బాకు అనిపిస్తుంది. అమ్మకందారు “ఆత్మరక్షణకు” అని ప్రచారం చేసే వస్తువుకూ దూరంగా ఉండండి, ఎందుకంటే మీరు ఏ పనికి కొన్నారో మీ ఆర్డరు వివరాలే రేపు మరోలా చెప్పవచ్చు. రొయ్యల చెరువు దగ్గర మేత బస్తాలు కోయడానికీ, వలతాడు తెంచడానికీ మామూలు మడత చాకు బాగానే పనిచేస్తుంది. నిజానికి ఆ పనులలో బటన్ వల్ల కలిసివచ్చేది ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఇంట్లో ఉంచుకుంటే పిల్లల చేతికి అందని చోట, బిల్లుతోపాటు ఉంచండి. బయటికి తీసుకువెళ్లక తప్పకపోతే జేబులో కాకుండా పనిముట్ల పెట్టెలో పెట్టి, పని చోటికి తీసుకువెళ్లి, తిరిగి తెచ్చుకోండి. “30 పోలీసు యాక్టు అమల్లో ఉంది” అని, అంటే సభలు, ఊరేగింపులపై ఆంక్షలున్నాయని డీఎస్పీ ప్రకటన పత్రికలో వచ్చినా, నేర విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు విధించినా, ఆ రోజులలో దానిని ఇల్లు దాటించకండి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ వంటి జనసమ్మర్దంలోకి, కోర్టు ఆవరణలోకి, ఓట్ల లెక్కింపు కేంద్రం దగ్గరికి ఎన్నడూ తీసుకువెళ్లవద్దు.

తనిఖీలో పోలీసులు అడిగితే బటన్ నొక్కి చూపించే ప్రయత్నం చేయకండి. చాకు ఉన్నదని చెప్పి, మూసినదానిని మూసినట్లే అందించండి. ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి లైసెన్సు చూపమని అడగవచ్చు, చూపలేకపోతే స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు బ్లేడు కొలత పంచనామాలో రాయించమని మర్యాదగా కోరండి. నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం స్వాధీనాన్ని వీడియో తీయాలి. నోటిఫికేషన్ ఉన్న చోట లైసెన్సు లేకుండా పట్టుబడితే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద ఏడాది నుండి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. కొలత ఎంత చిన్నదైనా ఎవరికైనా గాయం చేస్తే ప్రమాదకర ఆయుధంతో గాయపరచడాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ వేరుగా వర్తిస్తుంది.

అమెరికాలోని బంధువు తెచ్చిన చాకు అక్కడ చట్టబద్ధమే కదా అనే వాదన ఇక్కడ చెల్లదు. దేశంలోకి ఆయుధం తేవడానికి ఆయుధాల చట్టం పదవ సెక్షన్ లైసెన్సు కోరుతుంది. రేణిగుంటలోనో చెన్నైలోనో విమానం ఎక్కేవారు ఏ చాకునూ చేతి సంచిలో ఉంచకూడదు. మరచి తెచ్చి ఉంటే తనిఖీ వరుసలో నిలబడక ముందే, సాగనంపడానికి వచ్చినవారికి ఇచ్చి పంపండి.